ఇండియా పేల్ ఏల్ గారికి లైన్లోంచి రాయునది

మహారాజశ్రీ ఇండియా పేల్ ఏల్ గారి దివ్యసముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మాసాచుసెట్స్‌లో మేమంతా క్షేమం. మీ కిందటి విడత తాలూకు చివరి క్యాన్ మా గ్యారేజీ ఫ్రిజ్‌లో, దోసెల పిండి గిన్నెకీ పచ్చిమిరపకాయల కవరుకీ నడుమ క్షేమంగా ఉంది. ఈ ఉత్తరం మీ బీరు కాచే బ్రూవరీ ముందు లైన్లో నిలబడి ఫోన్‌లో రాస్తున్నాను. మిమ్మల్ని తిట్టుకుంటూ నిలబడితే కాళ్ళ నొప్పి తెలియదు.

మిమ్మల్ని నువ్వు అనాలో మీరు అనాలో కాసేపు ఆలోచించాను. 473 మిల్లీలీటర్లకి 6 డాలర్లు పలికేవారిని నువ్వు అనడానికి నోరు రాలేదు. ఫ్రిజ్‌లో మీ పక్కనే ఎప్పటినుంచో పడి ఉన్న సూపర్‌మార్కెట్ లాగర్ బీరుని మాత్రం ఒరేయ్ అనే పిలుస్తాను. వాడేమీ అనుకోడు.

ముందు మీ ఇంటిపేరు సంగతి. ఆఫీసులో ఒక తెల్ల కొలీగ్ మిమ్మల్ని నా చేతిలో పెట్టి, మీ దేశం బీరే కదా అని భుజం తట్టాడు. మా దేశం బీరు కాదు నాయనా, మా దేశానికి వచ్చి తిష్ఠ వేసినవాళ్ళ బీరు అని చెప్పబోయి, బిల్లు వాడు కడుతున్నాడని ఊరుకున్నాను.

లండన్ తూర్పు కొసన బో అనే చోట హాడ్జ్‌సన్ గారి బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకి దగ్గర. కెప్టెన్లు అక్కడ పీపాలు అప్పు మీద ఎక్కించుకుని, ఆఫ్రికా కొసని చుట్టి, నెలల తర్వాత మద్రాసులోనో కలకత్తాలోనో దింపి దొరలకి అమ్ముకునేవాళ్ళు. ఇండియా కోసమే ఆయన మిమ్మల్ని కనిపెట్టాడని బీరు పోసే ప్రతి ట్యాప్‌రూమ్‌లోనూ ఒక పెద్దమనిషి చెబుతుంటాడు. అది కథ. పేల్ ఏల్ అంతకుముందే ఉంది. ఇండియా అనే మాటని 19వ శతాబ్దంలో పత్రికల ప్రకటనల్లో తగిలించారు. అక్కడున్న మామూలు తెల్ల సోల్జర్లు ఎక్కువగా తాగింది పోర్టర్ అనే నల్లటి బీరు. మీరు అప్పుడూ దొరలకే.

మీ ముత్తాత చెక్క పీపాలో ఇరుక్కుని, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి, ఎండకి ఉడికి, అలలకి ఊగి, దిగాక కూడా బాగుందనిపించుకున్నాడు. హాప్స్ అనే ఆ చేదు పువ్వుని దండిగా వేసింది కూడా అందుకే, బీరు పాడవకుండా. మరి తమరు? క్యాన్ అడుగున తారీఖు వేయించుకుని పుడతారు. రెండు నెలలు దాటితే ఇక్కడివాళ్ళు మిమ్మల్ని ముసలాయన కింద జమకడతారు. కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం మరిచిపోతే కళ్ళు తేలేస్తారు. లోపల కాస్త గాలి తగిలితే మామిడిరసం రంగు కాస్తా కుంచెలు కడిగిన నీళ్ళ రంగుకి తిరుగుతుంది. ఓడెక్కిన వంశంలో పుట్టి ఇంత సుకుమారం ఎక్కణ్ణుంచి వచ్చింది మీకు?

తేటగా కాకుండా మబ్బుగా ఉండే మీ ఈ మసక అవతారానికి మూలం వెర్మాంట్ రాష్ట్రం అంటారు. వాటర్‌బరీ అనే చిన్న ఊళ్ళో ది ఆల్కెమిస్ట్ అనే బ్రూవరీ వాళ్ళ హెడీ టాపర్ బీరు. 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వరద వాళ్ళ పబ్బుని ముంచేసింది. ఆ రోజుల్లోనే క్యాన్లలో పోయడం మొదలుపెట్టారు. క్యాన్ లోంచే తాగండి అని దాని మీద రాసి ఉంటుంది. మా బ్యాచ్‌లో ప్రతివాడి దగ్గరా దాన్ని పోసుకోవడానికని కొన్న ట్యులిప్ గ్లాసుల సెట్టు ఉంది. ఒప్పుకుంటాను, మొదటిసారి తాగినప్పుడు బత్తాయి తొక్కని ముక్కు దగ్గర గోరుతో గిల్లినట్టయింది. అది అబద్ధం కాదు. ఆ ఒక్క గుక్క కోసమే నేనింకా తిరుగుతున్నాను. 2018లో బ్రూవర్స్ అసోసియేషన్ అనే అమెరికా బ్రూవరీల సంఘం మసక బీరుని ఒక శైలిగా తన పుస్తకంలో ఎక్కించింది. అంతకుముందు సరిగ్గా తేరలేదు అనేవాళ్ళు, ఆ తర్వాత నుంచి అదే కదా అందం అంటున్నారు.

లైను గురించి చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు. ఫిబ్రవరిలో ఒక శనివారం. బ్రూవరీ పేరు రాయను, రాస్తే వచ్చే వారం లైను ఇంకా పెరుగుతుంది. పదింటికి అమ్మకం, మనిషికి రెండు ఫోర్-ప్యాక్‌లే. మా ఆవిడ రానంది. దోసెపిండి కలిపిన నీళ్ళలా ఉంటుంది, దానికోసం నేను చలిలో నిలబడాలా అంది. అప్పుడు నా కన్ను సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తున్న మా అత్తమ్మ మీద పడింది. నల్లగొండ జిల్లా నుంచి ఆర్నెల్లకి వచ్చింది. పాస్‌పోర్టుంది. 21 నిండి నలభై రెండేళ్ళయింది.

చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద నా పాత జాకెట్టు, కాళ్ళకి మా అమ్మాయి స్పోర్ట్స్ షూస్. కారు దిగేసరికి మంచు గుట్టల పక్కనుంచి పార్కింగ్ చుట్టూ మూడు మడతల లైను. కొందరు కుర్చీలు వేసుకున్నారు. ఒకతను కుక్కకి కూడా స్వెట్టరు వేసి తెచ్చాడు.

“ఇక్కడ ఏం దేవుడున్నడు అల్లుడూ?” అంది.

జ్యూస్ అత్తమ్మా, మంచి జ్యూస్ అన్నాను. మిమ్మల్ని ఇక్కడ జ్యూసీ అనే కదా అంటారు.

“జ్యూసుకు గింత మందా? యాదగిరిగుట్టల ఆదివారం నాడు గూడ లైను జల్ది నడుస్తది.”

మా ముందున్న గడ్డపాయన వెనక్కి తిరిగి పలకరించాడు. ఆవిడ నవ్వింది, అదే పొరపాటు. తను తాగిన బీర్ల చిట్టా ఫోన్‌లో తీసి, సిట్రా, మొజాయిక్, గెలాక్సీ, నెల్సన్ సావిన్ అంటూ హాప్స్ పేర్లు ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పుకొచ్చాడు. గెలాక్సీ అయితే ఆస్ట్రేలియా మట్టిలోనే పండాలట. అత్తమ్మ చేతులు కట్టుకుని, తలాడిస్తూ చివరిదాకా విన్నది. ఆయన అటు తిరిగాక నా చెవిలో, “పంతులు గావచ్చు పాపం, గోత్రాలు చదువుతుండు,” అంది.

గంటా నలభై నిమిషాలు. కౌంటరు కుర్రాడు ఆవిడ పాస్‌పోర్టు తిప్పి చూసి రెండు ప్యాకులు చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని కళ్ళకద్దుకుంది. కారెక్కి సీటుబెల్టు పెట్టుకున్నాక అడిగింది. “ఇది సారనా, కల్లా?” లైన్లోనే కనిపెట్టిందట. “తాగెటోళ్ళ మొఖాలు నాకు తెల్వదా?”

ఇంకో పాపం కూడా ఉంది. ఆ లైన్లో ఉండగానే, బీర్లకి అయిదుకి మార్కులు వేసే అన్‌టాప్డ్ యాప్‌లో మీకు 4.25 ఇచ్చేశాను. అప్పటికి మూత కూడా తీయలేదు. జనం అప్పటికే మీకు 4.5 ఇచ్చి కూర్చున్నారు. గంటా నలభై నిమిషాలు నిలబడి, నాలుగు ప్యాకులకి 96 డాలర్లు కట్టి, అత్తగారితో అబద్ధమాడిన మనిషి తీరా 3.5 ఇచ్చాడంటే పరువు పోయేది మీది కాదు. ఇంటికొచ్చి తాగితే బాగానే ఉన్నారు. బాగానే అంటే, అంతకుముందు నెల తెచ్చిన మీ తమ్ముడిలాగే ఉన్నారు. క్యాన్ మీద ఆక్టోపస్ ఉండేచోట ఈసారి వ్యోమగామి ఉన్నాడు.

మీకు ఖర్చు లేదనను. హాప్స్ గుమ్మరిస్తారు, అవి బీరుని పీల్చుకుంటే అదీ నష్టమే. కానీ మూడు నాలుగు వారాల్లో మిమ్మల్ని క్యాన్‌లోకి దింపేస్తారు. అదే పిల్స్‌నర్ అనే తేట లాగర్‌ని చూడండి. 1842లో బొహీమియాలోని ప్లజెన్‌లో పుట్టింది. సరిగ్గా చేయాలంటే చల్లటి చోట వారాల తరబడి ఓపికగా ఉంచాలి. ఎక్కడ తప్పు జరిగినా కప్పిపుచ్చడానికి మామిడి వాసన లేదు. అయినా మీకంటే చవక, దానికి 4 మార్కులు రావడం గగనం. ఆ మార్కుల జాబితాలో పైనంతా మీ మసక చుట్టాలూ, విస్కీ పీపాల్లో ఊరిన స్టౌట్ అనే నల్ల బీర్లే. డ్యూటీ దిగాక నువ్వేం తాగుతావని కౌంటరు కుర్రాణ్ణి అడిగాను. అటూ ఇటూ చూసి, పిల్స్ అన్నాడు.

విలువంటే గుర్తొచ్చింది. 2015లో కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ అనే పెద్ద మద్యం కంపెనీ వాళ్ళు శాన్‌డియాగోలోని బ్యాలస్ట్ పాయింట్ బ్రూవరీని సుమారు 100 కోట్ల డాలర్లు పెట్టి కొన్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2019లో, ఇల్లినాయిస్‌లో ఉన్న ఒక బుల్లి బ్రూవరీకి అమ్మేశారు. ఎంతకి అన్నది బయటపెట్టలేదు. మా దగ్గర ప్లాట్లు కొన్నవాళ్ళూ అంతే, కొన్న రేటే చెబుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ అని 1896 నాటి బ్రూవరీ, 2023 జూలైలో మూసేస్తున్నాం అన్నారు. అనగానే వాళ్ళ ట్యాప్‌రూమ్ ముందు లైను కట్టారు జనం. ఆ లైను ఏడాది ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

బెల్జియంలో వెస్ట్‌వ్లెటెరెన్ అనే చోట ఒక మఠం ఉంది. 2005లో ఒక రేటింగ్ సైటు ఆ సన్యాసులు కాచే 12 నంబరు బీరుని ప్రపంచంలోకెల్లా మొదటిదంది. మఠం ముందు కార్ల బారులు. సన్యాసులు మాత్రం ఒక్క పీపా పెంచలేదు, మఠం గడవడానికి ఎంత కావాలో అంతే కాస్తామన్నారు. అప్పట్లో సీసాకి లేబుల్ కూడా ఉండేది కాదు, మూత రంగే గుర్తు. కొన్నది మళ్ళీ అమ్మొద్దని చెప్పి మరీ ఇచ్చేవారు. 2018లో నెదర్లాండ్స్‌లో ఒక సూపర్‌మార్కెట్ ఆ సీసాలు ఎలాగో సంపాదించి, ఒక్కోటి 10 యూరోలకి కాస్త అటూ ఇటూగా అమ్మితే బాధపడ్డారు. వద్దు బాబూ అన్నవాడి వెంటపడటం మన జాతి లక్షణం. వాళ్ళు అమాయకంగా చేసిన పనిని మీవాళ్ళు లెక్కలు వేసుకుని చేస్తున్నారు, అంతే తేడా.

మార్చి నెలాఖరులో అత్తమ్మ తిరుగు ప్రయాణం. మామకి ఏదైనా పంపాలి కదా. ఇండియా కస్టమ్స్ వాళ్ళు మనిషికి 2 లీటర్లు ఒప్పుకుంటారు. మీ ఫోర్-ప్యాక్ 1.89 లీటర్లు. దానికే కొలిచి పోసినట్టున్నారు. వచ్చేటప్పుడు ఆవకాయ డబ్బాని చుట్టిన పాత చీరలోనే మిమ్మల్ని చుట్టి సూట్‌కేసులో పెట్టింది. అంటే మీ ముత్తాత పోయిన దారే. ఓడకి బదులు విమానం, కెప్టెన్‌కి బదులు మా అత్తమ్మ.

ఇక్కడ రాత్రి పదకొండు, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. వీడియో కాల్‌లో మామ వాకిట్లో మంచం మీద కూర్చుని మిమ్మల్ని స్టీలు గ్లాసులో పోశాడు. ఫోను దగ్గరికి పెట్టమన్నాను. నురుగు నిలిచింది గానీ రంగు అప్పటికే చింతపండు నానిన నీళ్ళలా ఉంది. ఒక గుక్క తాగి, నాలుకని రెండుసార్లు అంగిటికి కొట్టి చూశాడు. నేను ఇంటర్వ్యూ రిజల్టు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాను.

“మాపటి కల్లు అల్లుడూ,” అన్నాడు. “పొద్దటిది గాదు. ఎంత వడ్డది?”

క్యాన్‌కి 500 పైమాటే అన్నాను. ఆయన కదలకుండా చూస్తున్నాడు. నెట్ ఆగిందేమో అనుకున్నాను.

ఇక్కడ నేను మన కల్లే గొప్ప అంటానని మీరు చూస్తూ ఉంటారు. అనను, ఎందుకంటే మామ సంగతి నాకు తెలుసు. చెరువుకట్ట దాటాక ఒక తాటిచెట్టు ఉంది. దాని కల్లు తప్ప ముట్టడు. ఇంటి దగ్గరే పది చెట్లుండగా పొద్దున్నే రెండు కిలోమీటర్లు నడుస్తాడు. గౌడ్ మోకు వేసుకుని దిగేదాకా తాటాకు రేక చేత పట్టుకుని చెట్టుకిందే కూర్చుంటాడు. ఎవడైనా ముందొచ్చి లొట్టి ఖాళీ చేస్తాడేమోనని ఆయన టెన్షన్ ఆయనది. అందులో అంత ఏముంది మామా అంటే, ఆ మట్టే వేరు అంటాడు. గడ్డపాయన గెలాక్సీ గురించి చెప్పిందీ అదే ముక్క. కాకపోతే గౌడ్ చెట్టెక్కేముందు ఎవరూ మార్కులు వేయరు.

మరి మిగిలిన మూడు క్యాన్లూ ఏం చేశావు మామా అన్నాను. ఒకటి ఫ్రిజ్‌లో ఉందట. రెండు సర్పంచికిచ్చాడట. “అమెరికాకెల్లి అల్లుడు పంపిండు, లైన్ల నిలబడితెగాని దొరకదు అని చెప్పిన,” అన్నాడు. సర్పంచి తాగలేదట. హాల్లో షోకేసులో, మనవడి కప్పుల పక్కన పెట్టుకున్నాడట. వ్యోమగామి బయటికి కనబడేటట్టు.

ఖాళీ క్యాన్ తిరిగిస్తే ఇక్కడి మెషీన్ 5 సెంట్లు ఇస్తుంది. మీకైనా ఒరేయ్ గాడికైనా అంతే. దానికి మార్కులు తెలియవు.

లైను కదిలింది, త్వరగా ముగిస్తాను. ఇవాళ మీలోనే ఇంకా ఘాటైన రకం, ట్రిపుల్ అట, మనిషికి ఒక్క ప్యాకే అట. మా ఆవిడ ఈసారీ రానంది. వచ్చే నెల మళ్ళీ పోస్తారని తలుపు మీద కాగితం అంటించారు. ఆ నెల ఇరవయ్యో తారీఖున హైదరాబాద్‌లో మా అమ్మానాన్నల వీసా ఇంటర్వ్యూ ఉంది. ఆ విడుదల కాస్త వెనక్కి జరిపించగలరని మనవి.

ఇట్లు,
మీ విధేయుడు,
లైన్లో నూట పద్దెనిమిదోవాడు