చెత్త బండి అంచు ఎంత ఎత్తు?

మొన్న తెల్లవారుజామున తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి కూతవేటు దూరంలో ఒక సందులో చెత్త ఆటో ఆగి ఉంది. పాట మోగుతోంది. ఇద్దరు ఆడవాళ్లు హోటలు ముందున్న డ్రమ్మును చెరో వైపు పట్టుకున్నారు. అందులో అరిటాకులు, వాడిన పూలు, రాత్రి మిగిలిన సాంబారు. ఒక్క ఊపులో మోకాలి దాకా, ఇంకో ఊపులో రొమ్ము దాకా లేపారు. అక్కడి నుంచి బండి అంచు దాకా పోవాలంటే చేతులు చాలవు. ఒకామె డ్రైవరు సీటు పక్క నుంచి ఒక ప్లాస్టిక్ పాల క్రేటు తెచ్చి బోర్లించి, దాని మీద నిలబడింది. డ్రమ్ము వంగింది. సాంబారు నీళ్లు ఆమె మోచేతి మీదుగా చొక్కా చేతిలోకి కారాయి. ఆమె తుడుచుకోలేదు. క్రేటు తీసి మళ్లీ సీటు పక్కన పెట్టి పక్క ఇంటికి నడిచింది.

ఆ క్రేటు బండితో పాటు వచ్చింది కాదు, కార్మికులే తెచ్చుకున్నారు. చెత్త గురించి మన దగ్గర చర్చలకు లోటు లేదు. ఆ అంచు ఎంత ఎత్తులో ఉండాలన్న చర్చ మాత్రం ఎక్కడా వినపడదు. చెత్త బండ్లు తయారుచేసే కంపెనీలకేమో నూరేళ్లకు పైగా పెద్ద తలనొప్పి ఆ ఎత్తే.

మోటారుతో నడిచిన తొలి చెత్త బండి 1897లో ఇంగ్లండ్‌లోని చిజిక్ వీధుల్లోకి వచ్చింది. అది ఆవిరి బండి. కట్టింది థోర్నీక్రాఫ్ట్ కంపెనీ. యుద్ధానికి టార్పెడో పడవలు కట్టే వాళ్లు చెత్త బండి కట్టడం ఇప్పుడు వింతగా తోస్తుంది గానీ, ఈ పరిశ్రమ పుట్టిందే అట్లా. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1898లో దీపాలకు గ్యాసు తయారుచేయడానికి మొదలైన కూకా కంపెనీ తర్వాత చెత్త బండ్లలో పేరు తెచ్చుకుంది, ఆ తర్వాత రోబోలకు మళ్లింది. ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీల్లో తిరిగే నారింజ రంగు రోబో చేతుల మీద ఉండేది ఆ పేరే.

మొదట్లో బండ్లకు పైకప్పు ఉండేది కాదు. కంపు కొట్టేది, గాలికి కాగితాలు ఎగిరేవి. 1920ల్లో మూతలు వచ్చాయి. కంపు తగ్గింది కానీ చెత్తను భుజం ఎత్తుకు లేపే బాధ తప్పలేదు. 1929లో వెనకవైపు కిందికి దిగే తొట్టి వచ్చింది. మనిషి తొట్టిలో పోస్తే చాలు, తీగలతో లాగి లోపలికి చేరవేసే పని బండిదే. 1938లో గార్ వుడ్ కంపెనీ లోడ్ ప్యాకర్ తెచ్చింది. హైడ్రాలిక్ పలకతో చెత్తను నొక్కుతూ లోపలికి నెట్టే ఈ బండిలో దాదాపు రెట్టింపు సరుకు పట్టేది. మనం కంపాక్టర్ అంటున్నది దీని వంశమే. ఆ కంపెనీ పెట్టిన గార్ వుడ్ స్పీడు పడవల పందేల్లో మొనగాడు, 1931లో నీటి మీద గంటకు 100 మైళ్లు దాటిన తొలి మనిషి. ఆయనకు డబ్బు తెచ్చింది మాత్రం పడవలు కాదు, బొగ్గు లారీ తొట్టిని చేతితో తిప్పి లేపే కష్టం చూసి చేసిన హైడ్రాలిక్ జాకీ.

ఇదే రంగంలో ఇప్పటికీ నిలబడిన హైల్ కంపెనీ కథ మన ఆటోనగర్ మేస్త్రీలకు బాగా అర్థమవుతుంది. జూలియస్ హైల్ చిన్నప్పుడే జర్మనీ నుంచి అమెరికా చేరిన పేద పిల్లవాడు. 1901లో మిల్వాకీలో ఆయన పెట్టింది చెత్త బండ్ల ఫ్యాక్టరీ కాదు, పట్టాల అతుకులు వెల్డింగ్ చేసే షాపు. వెల్డింగ్ వచ్చినవాడికి ట్యాంకు కట్టడం వస్తుంది, ట్యాంకు వస్తే లారీ బాడీ వస్తుంది, బాడీ వస్తే చెత్త బండి ఎంతసేపు? అట్లా ఒక్కో మెట్టు ఎక్కిన కంపెనీ అది. ఆయన 1939 నుంచి 1943 దాకా విస్కాన్సిన్ రాష్ట్ర గవర్నరుగా కూడా పనిచేశాడు. కంపెనీ తర్వాత డోవర్ అనే సంస్థ చేతికి వెళ్లింది. 2024 అక్టోబరులో టెరెక్స్ సంస్థ హైల్‌ను, దాని తోటి వ్యాపారాలను కలిపి 200 కోట్ల డాలర్లకు కొంది. రాళ్లు పిండి చేసే క్రషర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఇదే టెరెక్స్‌కు హోసూరులో ఉంది. వెల్డింగ్ షాపులో మొదలైన పని విలువ ఎక్కడి దాకా పోతుందో చూడమనే ఈ లెక్క చెబుతున్నాం.

అమెరికాలోని నాక్స్‌విల్ ఊరి కాంట్రాక్టరు జార్జ్ డెంప్‌స్టర్ 1930ల్లో ఇంకో దారి తొక్కాడు. మనుషులు చెత్తను ఎత్తడం దేనికి, తొట్టినే బండి ఎత్తుకుంటే సరిపోదా అన్నాడు. మన డంపర్ బిన్నులు ఆ దారిలోవే. ఆయనా తర్వాత తన ఊరికి మేయరయ్యాడు. 1969లో అమెరికాలోని స్కాట్స్‌డేల్ నగరం పక్క నుంచి చేయి చాచి డబ్బా ఎత్తుకునే బండిని తయారుచేయించింది. డ్రైవరు కిందికి దిగే పనే లేదు. అది మనకు కావాలని మేం అనడం లేదు. మన సందుల్లో ఆ చేయి చాచుకునే చోటే ఉండదు, పైగా అలాంటి బండితో పోయేవి కార్మికుల ఉద్యోగాలే. మనిషి ఉండాలి, ఆ మనిషి నడుము కూడా ఉండాలి. అంతే మా మాట.

ఇక మన దగ్గరికి వద్దాం. తోపుడు బండి, ట్రాక్టరు, ఆ తర్వాత చిన్న ఆటో టిప్పరు. 2005లో చిన్న ట్రక్కులు మార్కెట్లోకి వచ్చాక ఇరుకు వీధులకు బండి దొరికింది. 2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో విజయవాడలో 4,097 చెత్త వాహనాలకు జెండా ఊపారు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు డబ్బాలు ఇంటింటికీ వచ్చాయి. వెనకే చెత్త పన్ను వచ్చింది. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ఆ పన్ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఈ మూడేళ్లలో పన్ను మీద, బండి రంగు మీద, బండి మీది బొమ్మ మీద జరిగిన రభసలో నూరో వంతు కూడా బండి తయారీ మీద జరగలేదు. పన్ను అందరి జేబులో నుంచి పోతుంది కాబట్టి అందరికీ పట్టింది. అంచు ఎత్తు ఇద్దరు ఆడవాళ్ల భుజాల వ్యవహారం.

కంపాక్టర్ వస్తే తీరిపోతుందని కొందరు అధికారులు నమ్ముతారు. మేం నమ్మం. కంపాక్టర్ పుట్టిన కాలంలో అంతా కలిపి ఊరి బయట గుంతలో పోసేవారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయమన్నాయి. ఇల్లాలు వేరు చేసి ఇచ్చినదాన్ని బండి పలక మళ్లీ ఒకే ముద్ద చేస్తే ఆమె పడ్డ శ్రమ దేనికి? పైగా మనది తడి ఎక్కువున్న చెత్త. రోజూ 60, 70 వేల మంది భక్తులు వచ్చిపోయే ఊళ్లో హోటళ్ల కూడు, పూలు, కొబ్బరి చిప్పలు, అరిటాకులు ఎంత పోగవుతాయో చెప్పక్కర్లేదు. నొక్కితే పిప్పి లోపల ఉంటుంది, రసం రోడ్డు మీద ఉంటుంది. రబ్బరు సీలు అరిగిన బండి వెనక స్కూటరు మీద పోయిన వాళ్లకు ఈ రసం సంగతి విడమరచి చెప్పాల్సిన పని లేదు. తిరుపతి దగ్గరి తూకివాకంలో తడి చెత్తను గ్యాసుగా, ఎరువుగా మార్చే ఏర్పాటు ఉంది. దానికి కావలసింది కలవని చెత్త. కాబట్టి మనకు మధ్యలో అడ్డుగోడ, కింద నీళ్లు పట్టే తొట్టి, దానికొక కొళాయి ఉన్న బండి కావాలి. ఇవేవీ రాకెట్ సైన్సు కాదు, ఇనుప రేకు పని.

మరి ఎవరు చేస్తారు? ఇదే జిల్లాలో శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. కరకంబాడిలో 1985 నాటి నుంచి అమర రాజా బ్యాటరీల సంస్థ ఉంది. తిరుపతి ఆటోనగర్‌లో రేకు వంచే చేతులకు కొదవ లేదు. అయినా చెత్త బండి మనకు ఎక్కడో తయారై, టెండర్లో అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడి పేరు మీద వస్తుంది. టెండర్ కాగితంలో ఇంజను సీసీ ఉంటుంది, తొట్టి ఎన్ని క్యూబిక్ మీటర్లో ఉంటుంది, రంగు ఉంటుంది. అంచు ఎత్తు సెంటీమీటర్లలో రాయండి అంటే ఎవరికీ కోపం రాకూడదు. ఎత్తు తగ్గిస్తే తొట్టి చిన్నదవుతుంది, ట్రిప్పులు పెరుగుతాయి, డీజిల్ ఖర్చవుతుంది అని ఇంజనీర్లు అంటారు. నిజమే. దానికి పక్క తలుపు, కిందికి వాలే అంచు, జాకీతో లేచే చిన్న తొట్టి లాంటి దారులు ఉన్నాయి. 1929 నాడే అవతలివాళ్లు ఈ లెక్క మొదలుపెట్టారు. మన వాళ్లకు చేతకాదని మేం అనుకోవడం లేదు, అడిగేవారే లేరు.

తిరుపతి, చిత్తూరు పురపాలికలు ఈసారి బండ్లు కొనే ముందు ఒక పని చేయాలి. నమూనా బండిని ఆఫీసు ఆవరణలో పూలదండ వేసి నిలబెట్టకండి. తెల్లవారుజామున ఐదింటికి ఒక సందులోకి తోలండి. కార్మికులను పిలిచి నిండు డ్రమ్ము ఎత్తించండి, కమిషనరుగారు పక్కనే నిలబడి చూడాలి. ఎవరైనా సీటు పక్కన పాల క్రేటు కోసం వెతికితే ఆ బండిని వెనక్కి పంపండి.