దవడకు నైట్ డ్యూటీ

హాస్టల్ గదిలో పిండిమర పెడతామంటే ఏ వార్డెనూ ఒప్పుకోడు. అయినా రాత్రి రెండు దాటాక నా పక్క మంచం మీద ఒకటి నడుస్తోంది. దానికి కరెంటు అక్కర్లేదు. యజమాని ఎమ్మెస్సీ రెండో ఏడాది. పొద్దున లేచి దవడ పట్టుకుని, "తల దిమ్ముగా ఉంది మామా, నిద్ర సరిపోలేదు" అంటాడు. సరిపోనిది ఎవరికో నాకు తెలుసు.

మా అమ్మమ్మయితే కడుపులో నులిపురుగులని తేల్చేసేది. మావాడు ఆ మాత్ర కూడా మింగాడు. మర ఆగలేదు.

నిద్రలో ఇలా పళ్లు నూరడాన్ని పళ్ల డాక్టర్లు బ్రక్సిజం అంటారు. పొగ తాగేవాళ్లలో ఇది ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. నికోటిన్ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని ఎగదోసి, నిద్రను పలచన చేస్తుంది. రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికే దాదాపు 2 గంటలు పడుతుంది. పన్నెండున్నరకి 'గుడ్‌నైట్ సిగరెట్' కాల్చి ఒంటిగంటకు పడుకున్నవాడి ఒంట్లో ఇంకా సాయంత్రమే. సిగరెట్ ఒక్కదాని మీదే నేరం మోపను. కాఫీ, మందు, పరీక్షల టెన్షన్ కూడా ముద్దాయిలే. కాకపోతే మావాడు నలుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి మర్యాద చేస్తాడు.

ఇక చట్టం సంగతి. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదు. మా గేటు దగ్గర బోర్డు ఆ మాటే చెబుతుంది. ఆ బోర్డు నీడలోనే టీ బంకు. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక ఉంటుంది నిజమే, కానీ మావాడు కొనేది విడి సిగరెట్. పెట్టె బంకు అన్న దగ్గరే ఉంటుంది కాబట్టి భయపడాల్సిన బాధ్యత కూడా ఆయనదే.

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం: ఆ 100 గజాలను గేటు నుంచి కాదు, దిండు నుంచి కొలవాలి. పళ్లు నూరేవాడికి తాను నూరుతున్నట్టు తెలియదు, సాక్షి రూమ్మేటే. కనుక సాక్షికి సెమిస్టర్‌కు 2 క్రెడిట్లు ఇవ్వాలి. నూరినవాడికి విడిగా శిక్ష అక్కర్లేదు. అరిగిన ఎనామిల్ సప్లిమెంటరీ రాస్తే తిరిగొచ్చేది కాదు.

డాక్టరు మావాడికి రాత్రిపూట పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించి ఇచ్చారు. నిన్న రాత్రి అది ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. గదంతా వెతికాడు, టెన్షన్ వచ్చిందట. కిందికెళ్లి ఒకటి కాల్చి వచ్చాడు.