జ్వరమొచ్చినోళ్లని ఇంట్లో ఉండనివ్వండి

సాయంత్రం 7 గంటలకి హైదరాబాద్ నల్లకుంటలో ఏ మెడికల్ షాప్ ముందైనా ఓ పది నిమిషాలు నిలబడండి. 'అన్నా, జలుబు, గొంతు నొప్పి, మంచి గోలీలు ఇవ్వు' అంటారు, షాపాయన చిట్టీ అడగడు, కత్తెరతో స్ట్రిప్ కట్ చేసి మూడు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గోలీలు చిన్న కాగితం కవర్‌లో వేసిచ్చేస్తాడు. డాక్టర్ చిట్టీ లేకుండా అమ్మొద్దని రూల్ ఉంది, చూసేవాళ్లే లేరు.

జలుబు, ఫ్లూ రెండూ వైరస్‌తో వచ్చేవి, యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాని. ఆ గోలీ జలుబునేం చెయ్యదు, జలుబు దానంతటదే వారంలో పోతుంది, మనమేమో గోలీ వల్లే తగ్గిందనుకుని మళ్లీ అదే కొంటాం, ఇట్లా వాడీ వాడీ రేపు నిజంగా నిమోనియా వచ్చిన రోజున అదే మందు పనిచెయ్యకపోతే ఎవరినడగాలి? డ్రగ్ కంట్రోల్ వాళ్లు షాపులు తనిఖీ చెయ్యాలి, అదీ ఈ సీజన్‌లోనే చెయ్యాలి.

కరోనా అయిపోయినా ఇమ్యూనిటీ పేరుతో డబ్బాలమ్మడం మాత్రం ఆగలేదు. మిరియాల చారు, పసుపు పాలు, ఉసిరికాయ... తీసుకోండి, గొంతుకి హాయిగా ఉంటుంది, మేం వద్దనం. కానీ ఫ్లూని గుర్తుపట్టడం ఒంటికి నేర్పేది టీకా. వైరస్ మారుతుంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి, వేశాక రక్షణ రావడానికి 2 వారాలు పడుతుంది. మన దగ్గర ఫ్లూ వానల్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి పెరుగుతుంది, అందుకే అందరూ దగ్గడం మొదలయ్యాక కాదు, ముందే వేయించుకోవాలి. 65 దాటినోళ్లు, గర్భిణులు, షుగరు, ఆస్తమా ఉన్నోళ్లు డాక్టర్‌ని అడిగి తప్పకుండా వేయించుకోండి. పిల్లలకేసే సర్కారు ఫ్రీ టీకాల్లో ఇది లేదు, కనీసం ముసలోళ్లకైనా సర్కారు బస్తీ దవాఖానాల్లో ఫ్రీగా వెయ్యాలని మేం గట్టిగా అడుగుతున్నాం.

ఆయాసమొచ్చినా, పిల్లలు నీళ్లు కూడా తాగకపోయినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా ఇంట్లో కూర్చోకండి, బస్తీ దవాఖానాకో ఫీవర్ హాస్పిటల్‌కో వెళ్లండి. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది, పైగా డెంగీ కూడా మొదట్లో ఇట్లాగే ఉంటుంది.

మాకు అన్నిటికంటే బాధ కలిగించేది పొద్దున స్కూల్ ఆటో. రాత్రంతా జ్వరంతో మూలిగిన పిల్లాడికి పారాసెటమాల్ సిరప్ పోసి, యూనిఫాం తొడిగి, ఎనిమిది మంది పిల్లల మధ్య ఇరికించి పంపుతారు, ఫ్లూ అయితే లక్షణాలు కనపడ్డానికి ఒకరోజు ముందు నుంచి దాదాపు వారం దాకా అంటించే రోగమది, ఇక సాయంత్రానికి ఎన్నిళ్లకి పోతుందో ఆలోచించండి. తల్లిని ఏమనగలం, ఆమెకి ఆఫీసులో లీవ్ ఇవ్వరు, స్కూల్లో అటెండెన్స్ అంటారు. నూటికి నూరు శాతం హాజరుకి మెడల్ ఇచ్చే పద్ధతి స్కూళ్లు మానెయ్యాలి. కంపెనీలు సిక్ లీవ్ అడిగినోళ్లని అనుమానంగా చూడ్డం మానాలి.

ఇంట్లో పనిచేసే అమ్మ దగ్గుతూ వస్తే జీతం కట్ చెయ్యకుండా, వేడిగా ఇంత అన్నం పెట్టి, తగ్గేదాకా రావద్దని చెప్పి పంపండి. ఆ నాలుగు రోజులూ గిన్నెలు మనమే తోముకుందాం.