అంచనా వేరు, హామీ వేరు

సాఫ్ట్‌వేర్ నిర్మాణం తలపెట్టిన ప్రతిచోటా తొలి సమావేశంలోనే వినిపించే ప్రశ్న ఒకటుంది: ఎన్నాళ్లు పడుతుంది? ఏం కావాలో అడిగేవారికే అప్పటికి పూర్తిగా తేలి ఉండదు. అయినా జవాబు చెప్పక తప్పదు కాబట్టి ఒక ఇంజినీరు కాసేపు ఆలోచించి ‘మూడు నెలలు పట్టొచ్చు’ అంటారు. ఆ ‘పట్టొచ్చు’ అన్న మాట గది గుమ్మం దాటదు. సాయంత్రానికి ప్రణాళికలో అది ‘మూడు నెలలు’గా స్థిరపడుతుంది, వారం తిరిగేసరికి పైవారికి పంపే నివేదికలో తేదీగా మారుతుంది, నెల తిరిగేసరికి ఒప్పందంలో జరిమానా నిబంధన పక్కన చేరుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను ఇంతగా నిజం చేసే వృత్తి మరొకటి ఉందని మేము అనుకోవడం లేదు.

అంచనా అంటే ఈ రోజుకు తెలిసినంతలో వేసుకున్న లెక్క. రేపు కొత్త విషయం తెలిస్తే అది మారాలి, మారకపోతేనే తప్పు. హామీ అంటే ఇచ్చిన మాట. తెలిసినా తెలియకపోయినా నిలబెట్టుకోవాల్సింది. ఒక సంస్థకు రెండూ అవసరమే. ఒకదాన్ని తీసుకెళ్లి రెండోదాని చోట పెట్టడం వల్లనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఇన్ని గడువులు దాటిపోతున్నాయని, ఇంత ఖర్చు తడిసి మోపెడవుతున్నదని, ఇంతమంది నిజం చెప్పడానికి జంకుతున్నారని మా నిశ్చితాభిప్రాయం.

లెక్క ఎందుకు తప్పుతుందో తెలియాలంటే ఒక చిన్న పనిని దగ్గరగా చూడాలి. ఇప్పటికే వాడుకలో ఉన్న దరఖాస్తు ఫారంలో రెండో ఫోన్ నంబరు కోసం ఒక గడి చేర్చాలనుకుందాం. తెర మీద గడి పెట్టడానికి అరగంట చాలు, అడిగినవారికి కనిపించేదీ ఆ గడే. కానీ ఆ నంబరును దాచడానికి డేటాబేస్‌లో కొత్త కాలమ్ కావాలి. లక్షల కొద్దీ పాత రికార్డుల్లో ఆ చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి, వాటిని చదివే ప్రతి ప్రోగ్రామూ ఆ ఖాళీ దగ్గర ఆగిపోకుండా నడుస్తుందో లేదో చూసుకోవాలి. దేశం కోడ్‌తో రాసిన నంబరును ఒప్పుకోవాలా, మొదటి నంబరునే మళ్లీ రాస్తే ఏం చేయాలి, ఓటీపీని రెండింటిలో దేనికి పంపాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన మనిషి ఆ వారం సెలవులో ఉండవచ్చు. రోజూ రాత్రి మరో విభాగానికి వెళ్లే ఫైలులో ఒక కాలమ్ పెరిగితే అక్కడి ప్రోగ్రాము దాన్ని తప్పుగా చదువుతుంది కాబట్టి వారికి ముందుగా చెప్పాలి, వారి రిలీజు తేదీ వచ్చేదాకా ఆగాలి. ఫోన్ నంబరు వ్యక్తిగత సమాచారం కనుక అది ఎవరికి కనబడాలో, ఎవరికి కనబడకూడదో తేల్చాలి. ఇదంతా ముగిశాక టెస్టింగ్ మొదలవుతుంది. అరగంట పని రెండు వారాలైందంటే అక్కడ ఎవరూ బద్ధకించలేదు. కోడు రాయడం ఆ పనిలో చిన్న ముక్క. అసలు పనంతా ఏం రాయాలో తెలుసుకోవడంలోనే ఉంది. తెలుసుకోవడానికి ఎంతసేపు పడుతుందో తెలుసుకోక ముందే చెప్పమనడంలోనే చిక్కంతా ఉంది.

ఈ చిక్కు కొత్తది కాదు. కంప్యూటర్ల సంస్థ ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే దీని మూలాన్ని చూపించారు. పనిని ‘ఇంతమంది ఇన్ని నెలలు’ అని గుణించి కొలిచే అలవాటు, మనుషులనూ నెలలనూ ఒకదానికొకటి మార్చుకోవచ్చన్న భ్రమ కలిగిస్తుందని ఆయన హెచ్చరించారు. ఐదుగురు పనిచేసే చోట ఇద్దరిద్దరి మధ్య మాట్లాడుకోవాల్సిన దారులు 10. పదిమంది అయితే అవి 45. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవారిని తెస్తే వారికి పని నేర్పడానికి పాతవారి సమయం పోయి ఆలస్యం ఇంకా పెరుగుతుంది. యాభై ఏళ్లు గడిచినా, గడువు దగ్గరపడగానే ‘ఇంకో నలుగురిని వేసుకోండి’ అన్న ఆదేశం వస్తూనే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ నిపుణుడు బ్యారీ బోమ్ 63 ప్రాజెక్టుల వివరాలను క్రోడీకరించి, ప్రోగ్రాము పరిమాణాన్ని బట్టి శ్రమను లెక్కగట్టే కోకోమో అనే సూత్రాన్ని 1981లో ప్రకటించారు. అందులో మౌలిక రూపాన్ని తీసుకుంటే, యంత్ర పరికరాలతో, కఠినమైన నిబంధనలతో ముడిపడిన ప్రోగ్రాములో కోడు 10 వేల వరుసలుంటే సుమారు 57 మనిషి నెలలు, అంటే ఒక మనిషి 57 నెలల్లో చేసేంత పని, పడుతుందని లెక్క వస్తుంది. పరిమాణం రెట్టింపై 20 వేల వరుసలైతే శ్రమ రెట్టింపుతో ఆగదు, 131 దాకా పోతుంది. పెద్దదైన కొద్దీ ప్రతి వరుసా ఖరీదవుతుందన్న పాఠం ఆ సూత్రంలో ఉంది. అంతకన్నా విలువైన మాట ఆయనే మరొకటి చెప్పారు: ఆలోచన దశలో వేసిన అంచనా అసలు ఖర్చులో నాలుగో వంతు నుంచి నాలుగు రెట్ల వరకు ఎక్కడైనా ఉండవచ్చు, అవసరాలు తేలి, రూపకల్పన ముగిసే కొద్దీ ఆ వెడల్పు సన్నబడుతుంది. అంటే తొలి సమావేశంలో చెప్పిన మూడు నెలలకు నిజమైన అర్థం, మూడు వారాల నుంచి ఏడాది వరకు అని. ఇది తెలిసి కూడా ఒకే అంకె అడగడం బాధ్యత గల యాజమాన్యం చేయాల్సిన పని కాదు.

వరుసలను ముందుగా లెక్కపెట్టలేం కాబట్టి ఐబీఎంకే చెందిన అలన్ ఆల్బ్రెక్ట్ 1979లో ఫంక్షన్ పాయింట్ల పద్ధతిని ముందుకు తెచ్చారు. వాడేవారి వైపు నుంచి చూసి, లోపలికి వెళ్లే సమాచారం, బయటికి వచ్చే నివేదికలు, అడిగే ప్రశ్నలు, దాచుకునే ఫైళ్లు, ఇతర వ్యవస్థల నుంచి తెచ్చుకునే ఫైళ్లు అని విడదీసి ఒక్కోదానికి ఒక విలువ కడతారు. మోస్తరు క్లిష్టత ఉన్న ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల వ్యవస్థలో 10 ఇన్‌పుట్లు, 4 నివేదికలు, 5 ప్రశ్నలు, 3 సొంత ఫైళ్లు, 1 బయటి ఫైలు ఉన్నాయనుకుంటే 40, 20, 20, 30, 7 కలిపి 117 పాయింట్లు. ఏ భాషలో రాసినా ఈ సంఖ్య మారదు, కోడు ఒక్క వరుస కూడా రాయకముందే చేతికి వస్తుంది. కొనేవారికీ కట్టేవారికీ మధ్య తగవు తీర్చడానికి ఇలాంటి కొలత ఎంతో అక్కరకు వస్తుంది. అయితే ఇది కొలిచేది పరిమాణాన్నే.

కొలతను మనుషుల మీదికి తిప్పినప్పుడు జరిగే నష్టానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఆపిల్ సంస్థలో దొరుకుతుంది. 1982లో లీసా కంప్యూటర్ బృందంలోని ప్రతి ఇంజినీరూ ఆ వారం ఎన్ని వరుసలు రాశారో ఒక ఫారంలో నింపాలని యాజమాన్యం అడిగింది. బిల్ అట్కిన్సన్ ఆ వారమే బొమ్మలు గీసే ప్రోగ్రాములో ఒక భాగాన్ని తిరగరాసి, దాని వేగాన్ని సుమారు ఆరు రెట్లు పెంచుతూ దాదాపు 2000 వరుసలు తగ్గించారు. ఫారంలో ఆయన ‘మైనస్ 2000’ అని రాశారు. ఆయన సహోద్యోగి ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ నమోదు చేసిన ప్రకారం, మరికొన్ని వారాల తర్వాత అట్కిన్సన్‌ను ఆ ఫారం నింపమని అడగడం మానేశారు. ఇప్పుడు వరుసల స్థానంలోకి స్టోరీ పాయింట్లు వచ్చాయి. ఒక బృందం తనలో తాను ‘ఈ పని దానికన్నా పెద్దది’ అని పోల్చుకోవడానికి పుట్టిన ఆ పాయింట్లతో రెండు బృందాల పనితీరును తూచడం మొదలుపెడితే, అదే పనికి వచ్చే నెల ఎక్కువ పాయింట్లు పడతాయి. అక్కడితో అవి కాకి లెక్కలవుతాయి, అంచనాకు కూడా పనికిరాకుండా పోతాయి.

మనిషి తన పని మీద తాను వేసుకునే లెక్క సహజంగానే ఆశవైపు మొగ్గుతుంది. దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియల్ కానమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో గుర్తించి ప్రణాళికా భ్రమ అని వివరించారు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో విద్యార్థులను తమ పరిశోధన వ్యాసం పూర్తికావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పమంటే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే 49 రోజులన్నారు. నిజానికి పట్టింది 55 రోజులకు పైనే. అన్నీ చెడిపోతాయని ఊహించుకున్న లెక్క కూడా చాలలేదు. సొంత కథను పక్కనపెట్టి, ఇలాంటి పనులు ఇంతకుముందు ఎన్నాళ్లు పట్టాయో చూడటమే దీనికి తెలిసిన మందు. ఆ మందు వాడాలంటే పాత లెక్కలు దాచి ఉండాలి. ఏ అంచనా ఎప్పుడు వేశారో, చివరికి ఎంత పట్టిందో రాసిపెట్టే సంస్థలు తక్కువ. ప్రాజెక్టు ముగియగానే బృందం చెదిరిపోతుంది, పాఠం కూడా దాంతోనే పోతుంది. పరిశోధకులు బెంట్ ఫ్లూబియర్, అలెగ్జాండర్ బుడ్జియర్ 2011లో 1,471 ఐటీ ప్రాజెక్టులను పరిశీలించినప్పుడు సగటు ఖర్చు 27 శాతమే మించింది. కానీ ప్రతి ఆరింటిలో ఒకదాని ఖర్చు సగటున 200 శాతం మించిపోయింది. సగటును చూసి ముందుజాగ్రత్తగా కొంచెం అదనం కలుపుకుంటే సరిపోతుందనుకునేవారు గమనించాల్సింది ఆ ఆరోదాన్ని.

శ్రమ గురించి ఇంత మాట్లాడుకునే చోట విలువ గురించి ఎవరూ మాట్లాడకపోవడం మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. కొలవనిదాన్ని అదుపు చేయలేమని 1982లో రాసిన సాఫ్ట్‌వేర్ నిపుణుడు టామ్ డిమార్కో, 2009లో ఆ మాటను తానే పునరాలోచించారు. ఆయన చూపిన లెక్క సరళమైనది: రెండు ప్రాజెక్టులకూ ఖర్చు 10 లక్షల డాలర్లే, ఒకదాని నుంచి వచ్చే విలువ 11 లక్షలు, రెండోదాని నుంచి 5 కోట్లు. మొదటిదానిలో ఖర్చు కాస్త మించినా నష్టమే, అందుకే అక్కడ ప్రతి గంటకూ కాపలా కావాలి. రెండోది రెట్టింపు ఖర్చయినా ఎవరికీ బాధ లేదు. అలాంటప్పుడు గంటలను గట్టిగా పట్టి కొలవాల్సిన అవసరం, అసలు అంతగా చేయదగని ప్రాజెక్టులకే ఎక్కువ. ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు ముందు ఎందుకు అన్న ప్రశ్న వేసి ఉంటే మొదటి రకం ప్రాజెక్టు చాలాచోట్ల మొదలయ్యేదే కాదు. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవల కోసం 2002లో చేపట్టిన జాతీయ ఐటీ కార్యక్రమంలో రోగుల రికార్డుల వ్యవస్థలపై అప్పటిదాకా వెచ్చించిన 270 కోట్ల పౌండ్లకు తగిన విలువ దక్కలేదని అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2011 మేలో తేల్చింది. అదే ఏడాది ఆ కార్యక్రమాన్ని విడగొట్టి ముగిస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఒప్పందాల్లో తేదీలు, చెల్లింపులు, పరిమాణాలు అన్నీ రాసుకున్నారు. వార్డులో నర్సుకు, డాక్టరుకు ఆ తెర వల్ల ఏం కలిసొస్తుందన్న లెక్కను తొమ్మిదేళ్ల తర్వాత ఆడిటర్లు వేయాల్సి వచ్చింది.

కృత్రిమ మేధ వచ్చాక కోడు రాయడం తేలికైంది కాబట్టి ఇక అంచనాలతో పనిలేదనేవారు ఉన్నారు. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో 246 పనుల మీద ఒక ప్రయోగం చేసింది. ఈ సాధనాల వల్ల 24 శాతం సమయం ఆదా అవుతుందని వారు ముందు అనుకున్నారు, ముగిశాక 20 శాతం ఆదా అయిందని నమ్మారు. గడియారం ప్రకారం 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఆ ఒక్క ప్రయోగంతో సాధనాల మీద తీర్పు చెప్పడం తగదు, అవి రోజురోజుకూ మారుతున్నాయి కూడా. కానీ చేసిన పనికి ఎంత పట్టిందో చేసినవారికే తెలియలేదన్న విషయం మాత్రం తీసిపారేయదగింది కాదు.

డబ్బు పెట్టేవారికి ఒక అంకె కావాలన్న వాదనను మేము తోసిపుచ్చడం లేదు. బడ్జెట్ వేయాలి, మంజూరు తీసుకోవాలి, జవాబు చెప్పుకోవాలి. వారికి ఇవ్వాల్సింది కింది హద్దు, పై హద్దు, ఆ రెండింటి మధ్య ఎంత నమ్మకం ఉందన్న మాట. తేదీ మారకూడదనుకుంటే చేయాల్సిన పని తగ్గడానికి ఒప్పుకోవాలి. పని తగ్గకూడదనుకుంటే తేదీ జరగడానికి ఒప్పుకోవాలి. ఇంజినీర్లకూ ఒక బాధ్యత ఉంది: లెక్క తప్పుతున్నదని తెలిసిన రోజునే చెప్పాలి, చివరి వారం దాకా దాచకూడదు. ఆ రోజున చెప్పినవారికి శిక్ష పడకుండా చూడటం పైవారి బాధ్యత. డబ్బును కూడా ఒకేసారి కట్టబెట్టకుండా, పనిచేసే ముక్క చేతికి వచ్చాక తర్వాతి ముక్కకు కొత్త అంచనా వేసి ఇవ్వడం మేలు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుభవం ఇందుకు సాక్ష్యం. కేసు ఫైళ్ల కోసం మొదలుపెట్టిన వ్యవస్థను, అవసరాలు సరిగా తేలక, తేలినవి మారుతూ పోవడంతో సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేశారు. దాని స్థానంలో చేపట్టిన సెంటినెల్ కూడా గడువులు దాటింది. 2010లో ఆ పనిని బయటి సంస్థ నుంచి వెనక్కి తీసుకుని, చిన్న బృందంతో రెండేసి వారాల విడతల్లో, ప్రతి విడత చివరా నడిచే భాగాన్ని చూపిస్తూ కట్టుకొచ్చారు. 2012 జులైలో అది ఏజెంట్లందరి చేతికీ వచ్చింది.