తీసిన గడ్డ ఎక్కడ?

పోయిన ఏడాది మా మావయ్య మోచేతి పైన లేచిన గడ్డను తీయించుకున్నాడు. ఆయనకు 72 ఏళ్లు. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో సగం జీవితం ఎండకు నిలబడ్డ మనిషి. గడ్డ లేచి ఎన్నాళ్లయిందో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. "నొప్పుంటే నేనే పోయుండేవాణ్ణి గదా అబ్బయా" అన్నాడు. ఓ చిన్న క్లినిక్‌లో మత్తు సూది వేసి, గడ్డ తీసి, నాలుగు కుట్లేసి పంపారు. ముక్కను పరీక్షకు పంపారా అని నేను ఫోన్ చేసి అడిగితే, "కొవ్వు గడ్డే సార్, పారేశాం" అన్నారు.

అది కొవ్వు గడ్డే అయుంటుంది. మావయ్యకు ఇప్పటిదాకా ఏమీ కాలేదు. నా టెన్షన్ ఆయన గురించి కాదు, 'పారేశాం' అన్న ఆ మాట గురించి.

ఇలాగే మామూలు గడ్డలా కనిపించి మోసం చేసే మెర్కెల్ సెల్ కార్సినోమా అని ఓ చర్మ క్యాన్సర్ ఉంది. చాలా అరుదు. అమెరికా అంత దేశంలోనే ఏటా మూడు వేల మందికి అటూ ఇటూగా వస్తుంది. వచ్చేది ఎక్కువగా ముసలివాళ్లకు, అదీ తెల్లచర్మం వాళ్లకు. అక్కడి గాయకుడు జిమ్మీ బఫెట్ 2023 సెప్టెంబరులో, 76వ ఏట దీనితోనే చనిపోయాడు. మన చర్మంలోని నలుపు మనకు చాలావరకు కాపుదల, అందులో అనుమానం లేదు. అయితే కాపుదల ఉందంటే రానే రాదని కాదు. పైగా ఈ జబ్బుకు ఎండ ఒక్కటే కారణం కాదు. 2008లో పిట్స్‌బర్గ్‌లో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ దంపతుల బృందం ఈ గడ్డల్లో ఓ కొత్త వైరస్‌ను పట్టుకుంది. పదింట ఎనిమిది గడ్డల్లో అది కనిపిస్తుంది. విచిత్రమేమంటే ఆ వైరస్ మనలో చాలామంది ఒంటి మీద ఏ హానీ చేయకుండా బతికేస్తుంటుంది. వయసు మీదపడి, ఒంట్లో కాపలా తగ్గినప్పుడు ఎవరో ఒకరిలో అది కణంలోకి దూరి దాని పెరుగుదల లెక్క తప్పిస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని ఆ కాపలాను తగ్గించే మందులు వాడేవాళ్లకు, కొన్ని రకాల రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ ఉండేది అందుకే. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే క్యాన్సర్ మాత్రం కాదు.

చూడటానికి ఎలా ఉంటుందంటే, ఏమీ లేనట్టే ఉంటుంది. నున్నగా, గట్టిగా, గుండ్రంగా ఓ బుడిపె. తెల్లవాళ్లలో ఎర్రగానో ఊదాగానో కనిపిస్తుంది. మన ఒంటి మీద ఆ రంగు అంత తేలిగ్గా తేలదు. 2008లోనే అమెరికాలో 195 మంది రోగుల వివరాలు తీసి చూస్తే, 88 శాతం మందికి నొప్పే లేదు. 63 శాతం మందిలో మూడు నెలల్లోపే బాగా పెరిగింది. సగం కంటే ఎక్కువ కేసుల్లో ముక్క తీసేటప్పుడు డాక్టర్లే దాన్ని మామూలు గడ్డ అనుకున్నారు, ఎక్కువసార్లు సిస్టు అనుకున్నారు. అంత పెద్ద ఆస్పత్రుల్లో చర్మ నిపుణులే పొరబడిన చోట, మన ఊరి ఆర్‌ఎంపీ చూపుతోనే తేల్చేశాడంటే ఎలా నమ్మడం?

నొప్పి ఉంటేనే జబ్బు అన్నది మన దగ్గర పాతుకుపోయిన లెక్క. కనపర్తిలో ఉప్పు తీసేవాళ్లయినా, పొదిలి మెట్ట చేలల్లో కంది కోసేవాళ్లయినా, నొప్పి లేని గడ్డ కోసం ఓ రోజు కూలి పోగొట్టుకోరు. వాళ్లను తప్పుపట్టలేం. ముసలివాళ్లయితే మరీనూ. పిల్లల మీద ఖర్చు పడుతుందని చొక్కా చెయ్యి కిందికి లాక్కుని దాచేస్తారు. సెగ్గడ్డ నొప్పి పెడుతుంది, చీము పడుతుంది, పగిలి తగ్గిపోతుంది. ఇది అలా కాదు. చప్పుడు చేయకుండా వారాల్లో పెరుగుతుంది. చంకలోనో మెడ కిందో బిళ్ల కట్టేదాకా ఎవరూ పట్టించుకోరు. అప్పటికే అది ఒంట్లో పాకే దారి పట్టినట్టు.

ముక్క పరీక్షలోనూ ఓ మెలిక ఉంది. మైక్రోస్కోపు కింద ఇది ఊపిరితిత్తుల్లో వచ్చే ఓ క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. సీకే20 లాంటి ప్రత్యేక రంగుల పరీక్షలు చేస్తేగానీ విడదీయలేరు. ఆ పరీక్షలు చేయాలన్నా ముందు ముక్క ఉండాలి కదా. తీసిన వెంటనే దాన్ని, ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవంలో వేయాలి. ఉప్పు నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేసి పంపితే సరిపోదు. ఒక చిన్న సీసా, ఒక లేబుల్, ఒంగోలుకో నెల్లూరుకో పోయే బస్సు. జిల్లా కేంద్రాలు రెండింటిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. ఇంత చిన్న పని ఎందుకు జరగదో నాకు అర్థం కాదు. గడ్డ తీసినందుకు బిల్లు మాత్రం రాస్తారు.

తొందరగా తేలితే దారి ఉంది. చుట్టూ కొంత మేర తీసేయడం, దగ్గరి లింఫ్ గ్రంథుల్లోకి పాకిందో లేదో చూడటం, అవసరమైతే రేడియేషన్. రేడియేషన్‌కు ఈ గడ్డ బాగానే లొంగుతుంది. పాకిపోయిన కేసులకు ఒకప్పుడు కీమో తప్ప గతి లేదు, ముసలి ఒళ్లు దాన్ని తట్టుకునేది కాదు. 2017లో అవెలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు, అంటే ఒంట్లోని కాపలానే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందుకు, అమెరికాలో అనుమతి వచ్చాక కథ మారింది. మందు పనిచేసిన వాళ్లలో చాలామందికి ఆ ఫలితం ఏళ్ల తరబడి నిలబడుతోంది. కాకపోతే ఈ రకం మందుల ఖర్చు లక్షల్లో మాట. ఉప్పు మడుల కూలీకి ఆ దారి ఉన్నట్టా లేనట్టా అన్నది వేరే చర్చ.

ఇది చదివి ప్రతి పులిపిరికీ భయపడమని కాదు. మన చర్మాల మీద లేచే గడ్డల్లో ఎక్కువ భాగం ఏ హానీ లేనివే. అసలు చూడాల్సింది రంగు కాదు, నొప్పి కాదు, పెరిగే వేగం. అరవై దాటిన మనిషి ఒంటి మీద కొత్త గడ్డ నెలా రెణ్ణెల్లలో పెరిగితే ముక్క పరీక్షకు పోవాల్సిందే. అరికాలి మీద కొత్తగా వచ్చిన నల్లమచ్చ, పాత కాలిన మచ్చ మీద మానని పుండు కూడా ఇదే వరసలోకి వస్తాయి. అవి వేరే క్యాన్సర్లు కావచ్చు. మన వాళ్ల విషయంలో మెర్కెల్ కంటే ముందు అనుమానించాల్సింది వాటినే.

ఈ నెల మొదట్లో మావయ్య వీపు మీద ఇంకో కాయ లేచింది. ఆయనకు కనిపించదు, అత్తయ్య చూసి చెప్పింది. పక్కన రూపాయి బిళ్ల పెట్టి సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాను. "దీనికి కూడా ఫొటోలెందుకురా" అని విసుక్కున్నాడు. పెరిగిందేమో చూడ్డానికి పదిహేనో తారీఖున రెండో ఫొటో తీయాలి.