కరోనా కాలపు ఆన్‌లైన్ చదువు తేలికేనా? ఆ మాట ఎందుకు నిలబడదంటే

"కరోనా రోజుల్లో యూనివర్సిటీ విద్యార్థులు హాయిగా ఉన్నారు. ప్రయాణం లేదు, ఇంట్లో కూర్చుని వినడమే, పరీక్షలు పుస్తకం చూసి రాశారు. ఒత్తిడి అనేది సాకు." విస్తృతంగా చలామణి అయిన మాట ఇది. ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

ప్రయాణం తప్పిన మాట నిజమే, కొందరికి గంటో రెండో మిగిలింది. దాంతోపాటే పక్కవాణ్ణి "ఈ స్టెప్పు ఎలా వచ్చింది?" అని అడిగే వీలూ పోయింది. అర నిమిషంలో తీరే సందేహం మెయిలై, జవాబు వచ్చేలోగా తర్వాతి పాఠం కూడా అయిపోయేది.

"వినడమే" అన్నది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. వీడియో కాల్స్ ఎందుకు అలసట తెస్తాయో 2021లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ నాలుగు కారణాలతో వివరించారు. ముఖాలు మరీ దగ్గరగా కనిపిస్తూ మనవైపే చూస్తున్నట్టుండటం, మన ముఖం మనకే గంటల తరబడి కనిపించడం, కెమెరా ముందు నుంచి కదలలేకపోవడం, సైగలు సరిగా అందక మెదడు అదనంగా శ్రమించడం. రికార్డింగులతో మరో చిక్కు. గంట పాఠాన్ని ఆపుతూ, వెనక్కి జరుపుతూ నోట్సు రాసుకుంటే గంటన్నర పట్టవచ్చు. రోజుకు నాలుగు పాఠాలైతే ఆరు గంటలు, అసైన్‌మెంట్లు ముట్టుకోకముందే.

ఆ అసైన్‌మెంట్ల సంగతి బయటివాళ్లకు అసలు కనిపించదు. ఆరు సబ్జెక్టుల్లో వారానికి తలా ఒక క్విజ్, ఒక అసైన్‌మెంట్ పెడితే మొత్తం 12 గడువులు. ఏ అధ్యాపకుడికైనా కనిపించేది తను పెట్టిన రెండే! అందుకే ఎవరికీ తాము ఎక్కువ పని ఇచ్చినట్టు అనిపించదు.

పుస్తకం చూసి రాసే పరీక్ష సులువనుకోవడం కూడా తప్పు. జవాబు పుస్తకంలో నేరుగా దొరక్కుండా ప్రశ్న మారుతుంది, వెతికే సమయం గడువులోంచే పోతుంది. పైగా నెట్ తెగినా సర్వర్‌లో గడియారం ఆగకపోవచ్చు. ఇక పాఠాలు వినడానికి అయ్యే డేటా కూడా తక్కువేమీ కాదు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వచ్చే వీడియోకు గంటకు 450 ఎంబీ, నాలుగు గంటలకు 1.8 జీబీ ఖర్చవుతుంది. అదే పాఠం 64 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే గంటకు 29 ఎంబీ చాలు.

ఇక "సాకు" సంగతి. ఒత్తిడిని కొలవడానికి 1983లో షెల్డన్ కోహెన్ బృందం ప్రచురించిన ప్రశ్నావళి ఉంది. దాని పది ప్రశ్నల రూపంలో ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. గడిచిన నెలలో పరిస్థితి చేయి దాటిందనిపించిందా, అనుకోనివి మీద పడ్డాయా అని అడుగుతుంది. అది జబ్బును నిర్ధారించేది కాదు. వచ్చిన స్కోరులో ఆన్‌లైన్ చదువు వాటా ఎంత, ఇంట్లోని అనారోగ్యం, ఆదాయ నష్టాల వాటా ఎంత అన్నది అదొక్కటే విడదీసి చెప్పలేదు. అంతమాత్రాన ఒత్తిడి లేనట్టు కాదు.

తగ్గించే మార్గాలు కష్టమైనవేమీ కావు. విద్యార్థి తన వీడియో తనకు కనిపించకుండా దాచుకోవచ్చు. విభాగమంతటికీ ఒకే గడువుల పట్టిక పెట్టి, ఒకే రోజు రెండుకు మించి పడకుండా సర్దవచ్చు. గడువును అర్ధరాత్రి నుంచి సాయంత్రం ఆరుకు జరిపితే అప్‌లోడ్ మొరాయించినప్పుడు అడగడానికి ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు, ఆ రాత్రి నిద్రా దక్కుతుంది.