పడిన చేను తనంతట తాను లేవదు

మొన్న భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాల్లో కూర్చుని అమెరికా స్కీయింగ్ (మంచువాలు మీద పలకలతో జారే ఆట) క్రీడాకారిణి బానీ సెయింట్ జాన్ కథ విన్నాను. చెప్పింది ఆవిడ కాదు, మోటివేషన్ క్లాసుకి కాలేజీవాళ్లు పిలిపించిన వక్త. కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఐదేళ్ల వయసులో కుడి కాలు తీసేశారు. మంచు పడని శాన్ డియాగోలో పెరిగారు. 1984లో ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో, అంటే వికలాంగుల ఒలింపిక్స్‌లో, ఒంటికాలి మీద మంచువాలు జారి పతకాలు గెలిచారు. స్లాలమ్‌లో, అంటే పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ రెండు విడతలు జారే పందెంలో, మొదటి విడత అయ్యేసరికి ముందున్నది ఆవిడే. రెండో విడతలో జారి పడ్డారు. ఆవిడని దాటి వెళ్లిన అమ్మాయి కూడా పడింది, కాకపోతే ఇంకాస్త త్వరగా లేచింది. పడటం అందరికీ ఉంటుంది, గెలిచేవాళ్లు లేస్తారు, బంగారు పతకం తెచ్చుకునేవాళ్లు ఇంకా త్వరగా లేస్తారని ఆవిడ దశాబ్దాలుగా వేదికల మీద చెబుతున్నారు.

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, మనస్ఫూర్తిగానే. ఇంటికొచ్చాక మాత్రం ఆ కథ గొంతులో ముల్లులా ఉండిపోయింది. మన పిల్లలకి అందులో సగమే చెబుతున్నారు.

మిగతా సగం ఏమిటంటే, ఆవిడ చదివింది వెర్మాంట్‌లోని బర్క్ మౌంటెన్ అకాడమీలో. మంచు పందేల కోసమే పెట్టిన బడి అది. కోచ్‌లు ఉన్నారు. ఒంటికాలితో జారేవాళ్ల కోసం చేతి కర్రల చివర చిన్న పలకలు బిగించిన పరికరాలు ఉన్నాయి. స్కీ పలకకి బూటుని పట్టి ఉంచే బైండింగ్, మనిషి పడగానే దానంతటదే ఊడిపోతుంది, కాలు మెలిపడకుండా. పెద్ద పోటీల్లో వాలుకి రెండు పక్కలా వలలు కడతారు, కింద డాక్టర్లు సిద్ధంగా ఉంటారు. 1998 నగానో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా వీరుడు హెర్మన్ మేయర్ గాల్లోకి ఎగిరి, వలలు తెంచుకుని మరీ మెత్తటి మంచులో కూలాడు. మూడు రోజులకి సూపర్-జీ అనే ఇంకో స్కీ పందెంలో బంగారం, ఇంకో మూడు రోజులకి జెయింట్ స్లాలమ్‌లో బంగారం. అతని గుండె నిబ్బరానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ కింద మంచుకి బదులు బండరాయి ఉంటే ఆ నిబ్బరం ఏం చేసేది? మనిషి పడతాడు అన్న లెక్క మీదే ఆ ఆట మొత్తాన్ని కట్టారు.

మన దగ్గర ఆ లెక్క ఎక్కడుంది? నీట్‌లో ర్యాంకు రాకపోతే ఒక ఇంట్లో అబ్బాయిని లాంగ్ టర్మ్ కోచింగ్‌కి విజయవాడ పంపిస్తారు. అది రెండో విడత. ఇంకో ఇంట్లో అమ్మాయికి అదే ర్యాంకు వస్తే "చాల్లేమ్మా, సంబంధం చూద్దాం" అంటారు. ఇద్దరూ పడ్డారు. అబ్బాయి త్వరగా లేచాడని రేపు మనమే అతన్ని స్టేజీ ఎక్కించి మాట్లాడిస్తాం.

ఒక మాట విని ధైర్యం తెచ్చుకున్న పిల్లలు లేరా అంటే ఉన్నారు. గంటసేపు ఉత్సాహంగా మాట్లాడితే తప్పేమిటని కాలేజీ నడిపే మిత్రుడొకరు నన్ను అడిగారు. మాటలో తప్పు లేదు. లేవలేకపోతే అది నీ లోపమే అని ఆ పిల్ల మనసులో నాటుకుపోతుంది చూడండి, నా బాధ దాని గురించి.

డెల్టావాళ్లకి ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. పడటం, లేవడం మన పొలంలో ఏటా చూసేదే. సార్వా (ఖరీఫ్ వరి) కోతకొచ్చే వేళ తుపాను కొడితే చేను పడిపోతుంది. పడిన చేనుని ఏం చేస్తారో దగ్గరికెళ్లి చూడండి. ముందు గట్టుకి గండి కొట్టి నీళ్లు తీస్తారు. తర్వాత మోకాలి లోతు బురదలో దిగి, నాలుగైదు దుబ్బులు చేతుల్తో లేపి, ఒకదానికొకటి ఆనేలా అదే గడ్డితో కలిపి కడతారు. నానిన కంకికి మొలక రాకుండా లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. నడుం విరిగే పని, రోజుల తరబడి. అన్నిటికంటే ముందు పక్కన మురుగు కాలువ లాగాలి. అది గుర్రపుడెక్కతో పూడుకుపోయి ఉంటే ఎంత కట్టినా చేను నీళ్లలోనే. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో కొత్త రకం ఎంపిక చేసేటప్పుడు కూడా కాండం గట్టిగా ఉండి చేను పడకుండా నిలుస్తుందా అని చూస్తారు. పడిన చేను ముందు నిలబడి లే, లే అని అరిచిన రైతుని నేను చూడలేదు.

1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. మళ్లీ నాటిన నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. చేతిలో కాస్త డబ్బు, వేరే ఆదాయం ఉన్న కుటుంబం ఆగగలిగింది. దింపు తీసేవాళ్లకి, కాయ వలిచేవాళ్లకి ఆ ఆరేడేళ్లు పని ఎవరిచ్చారు? 2011 సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. ధైర్యం చాలక కాదు. పడిన ప్రతిసారీ లేవడానికి అయ్యే ఖర్చు ధాన్యం ధరలో రాక.

ఇప్పుడు ఆ చేలల్లో దిగేది ఎక్కువగా కౌలు రైతే. తుపానుకి పంట పోయినా కౌలు బస్తాలు కొలవాలి. భూమి పాస్‌బుక్ యజమానిది, బ్యాంకు అప్పు యజమానికే, నష్టపరిహారం చాలాసార్లు ఆయన ఖాతాలోకే. 2011లో కౌలు రైతులకి కార్డులిచ్చేందుకు ఒక చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. అందులో పదకొండు నెలల ఒప్పందానికి యజమాని సంతకం కావాలన్నారు. భూమి పోతుందన్న భయంతో యజమాని సంతకం పెట్టడు, గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడు. మంచువాలు మీద వల తీసేసి, పడినవాడినే ఎందుకు లేవలేదని అడిగినట్టుంది.

కౌలు కార్డుకి యజమాని సంతకం అక్కర్లేదని తేల్చి, నాట్లు పూర్తయ్యేలోపు కార్డులు చేతికివ్వాలి. పంట నష్టం రాసేటప్పుడు పాస్‌బుక్ చూడటం మాని, విత్తనం ఎవరు కొన్నారు, కూలి ఎవరిచ్చారు అని గట్టు మీద అడగాలి. ఊళ్లో ఎవరైనా చెబుతారు. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క వానలకి ముందే తీయాలి.

ఆ రోజు హాల్లో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లలో కౌలు ఇళ్ల పిల్లలు నాకు తెలిసే ముగ్గురున్నారు. కిందటి తుపానుకి పోయిన పంటకి వాళ్ల నాన్నల పేరు మీద ఇంకా ఒక్క రూపాయి పడలేదు.